ఎనిమిదో మౌంటింగ్

పోయిన వారం ఇళవరసిని కోయంబత్తూరు శివారు గణపతిలోని తన షెడ్డులో, కారు కింద, అరచేతిలో ఒక పసుపుపచ్చ ముక్కతో వదిలేసి వచ్చాం. ఆ కారు కదిరేశన్‌ది. పద్నాలుగు నెలల కిందట, రేసులో, మూడో గేరు నుంచి నాలుగుకి లాగబోయి రెండులో వేశాడు. ముందు చక్రాలు పట్టేసి కారు పక్కకి తిరిగింది. మలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డ సెబాస్టియన్‌కి మోకాలి కింద నుంచి కాలు పోయింది. తప్పు డ్రైవరు చేతిదేనని విచారణ కమిటీ తేల్చింది. కదిరేశన్ కూడా కాదనలేదు. నలభై ఒక్క ఏళ్ళ వయసులో రేసులు మానేసి, డ్రైవింగ్ స్కూల్లో క్లచ్ ఎలా వదలాలో నేర్పుతూ కూర్చున్నాడు. ఎట్టకేలకు నలిగిన కారుని నిలబెట్టుకుని, ఈ ఆదివారం మళ్ళీ దిగుతానని ఇళవరసి దగ్గరకి వచ్చాడు, ఇంజన్ కింది మౌంటింగ్ మార్పించుకోవడానికి.

ఆ మౌంటింగ్ విప్పగానే దాని నడిమి ఉక్కు గొట్టం సీసా బిరడాలా జారి ఆమె చేతిలో పడింది.

అది అలా జారకూడదు. ఇంజన్‌ని కారు ఒంటికి కట్టి ఉంచేది ఆ పిడికిలంత ముక్కే. కంపెనీ వాళ్ళు పెట్టే రబ్బరు మెత్తన. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ ఇంజన్ ఉయ్యాలలా ఊగి, తనతోపాటు గేరు కడ్డీని కూడా లాగుతుంది. అందుకే రేసు వాళ్ళు రబ్బరు తీసేసి, యురెథేన్ అనే గట్టి ప్లాస్టిక్ పోసినవి పెట్టించుకుంటారు. పోసేముందు ఉక్కుకి పూసే జిగురే రెండింటినీ పట్టి ఉంచుతుంది. ఇంజన్ ఎంత బలంగా లాగినా చిరిగితే యురెథేన్ చిరగాలి కాని, ఉక్కుని వదిలెయ్యకూడదు. ఇది వదిలేసింది. పైగా ముక్క అంచున మురుగన్ చేతి వేలాయుధం గుర్తు చిన్నగా ఉంది. ఆ గుర్తు కోయంబత్తూరులో ఒక్క షెడ్డు అచ్చులకే ఉంటుంది.

ఇళవరసి ఆ ముక్కని అన్నం సంచీలో పెట్టుకుని, కదిరేశన్‌కి ఒక్క మాట చెప్పకుండా ఇంటికి వచ్చేసింది.

శుక్రవారం పొద్దున ఆమె అన్నానికి కూర్చుంది. కంచంలో బియ్యం, పప్పు కలిపి వండిన అరిసి పరుప్పు సాదం చల్లారి గడ్డకట్టింది. రెండుసార్లు లేచి నీళ్ళు తాగింది, మూడోసారి లేచి కంచం తీసేసింది. తండ్రి ఆరుసామి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని స్కూటరు తాళం చెవిని వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. నలభై ఏళ్ళు పంపుసెట్లకి రబ్బరు బుష్‌లు పోశాడు. ఆ పని పడిపోయాక కూతురు యురెథేన్ పోయడం నేర్చుకుని కార్ల మౌంటింగులు మొదలుపెడితే, అచ్చులు చెక్కి ఇచ్చింది ఆయనే. ఇప్పుడు కుడికంట్లో శుక్లం. అయినా రోజూ ఎండనపడి స్కూటరు మీద ఎక్కడికో వెళ్ళి వస్తుంటాడు. అడిగితే సావాసగాళ్ళంటాడు.

ఇళవరసి సంచీలోంచి ముక్క తీసి ఆయన ముందు స్టూలు మీద పెట్టింది. గొట్టాన్ని పక్కన నిలబెట్టింది.

"ఇది ఎవరిది అప్పా?"

ఆరుసామి చూశాడు. ముట్టుకోలేదు.

"మనదే."

"కదిరేశన్ అన్న కారులోంచి వచ్చింది."

"తెలుసు కన్నూ."

రాత్రంతా ఆమె చాలా జవాబులకి సిద్ధపడింది. మన గుర్తు ఎవరో కాపీ కొట్టారంటాడనుకుంది. ఇంజన్ వేడికి కరిగి ఊడిందంటాడనుకుంది. ఈ జవాబుకి మాత్రం సిద్ధంగా లేదు.

"ఎప్పటినుంచి తెలుసు?"

"యాక్సిడెంటు అయిన రెండు నెలలకి. ఉడుమలై నుంచి ఒకాయన వచ్చాడు, గొట్టం తిరుగుతోందని. విప్పి చూశాను. అప్పుడే అర్థమైంది."

"సంవత్సరం అవుతోంది." అంది ఆమె. "సంవత్సరం నుంచి ఈ ఇంట్లో కూర్చుని నాతో అన్నం తింటున్నారు. చూపు ఆనడం లేదు, జిగురు పూత మీరు పెట్టొద్దు, నేను చూసుకుంటానని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? పూసి ఉంటారు, ఎక్కడ అంటిందో ఎక్కడ అంటలేదో కనపడి ఉండదు. తప్పు జరిగింది, సరే. చెప్పడానికి నోరు లేదా?"

"ఎవరు పూస్తే ఏముంది. షెడ్డు ఒకటేగా."

"ఏముందా? ఒకాయన కాలు పోయింది. ఇంకొకాయనకి చెయ్యి ఉండీ పోయింది. ఆ కదిరేశన్ అన్న స్పానర్ పట్టుకుంటే వేళ్ళు ఎలా ఉంటాయో చూశారా మీరు? నిన్న నా ఎదురుగానే మూడుసార్లు కింద పడేశాడు."

ఆరుసామి లేచాడు. కొడుతుందేమో అన్నట్టు కూతురికి కాస్త దూరంగా జరిగి లోపలికి వెళ్ళాడు. మంచం కింద నుంచి బియ్యం సంచీ ఒకటి ఈడ్చుకుంటూ వచ్చి, నేల మీద బోర్లించాడు. పసుపుపచ్చ ముక్కలు దొర్లాయి. ఆరు.

"పొల్లాచ్చిలో రెండు. ఉడుమలై ఒకటి. తిరుప్పూరులో రెండు. ఒకటి ఊటీ కొండ మీద దొరికింది, దానికోసం మూడుసార్లు ఎక్కాను. కొత్త రకం వచ్చింది, పాతది ఇచ్చెయ్యండి, ఊరికే మారుస్తానని చెప్పి తీసుకున్నాను. ఏమీ అడగలేదు ఎవరూ."

సావాసగాళ్ళు ఎవరో ఇళవరసికి తెలిసింది. ఆమె కింద కూర్చుని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో నొక్కితే గొట్టం కదిలింది. ఇంకోదీ అంతే. మూడోదాన్ని పూర్తిగా బయటికి తీసి వెలుతురులో పట్టుకుంది. ఉక్కు మీద బూడిదరంగు జిగురు పూత ఒకటే ఉంది, నల్లటి రెండో పూత లేదు. ఉన్న ఆ ఒక్కటీ చారలు చారలుగా, తడి మీదే యురెథేన్ పోసినట్టు, పొక్కులు లేచి ఉంది. చూపు ఆనని మనిషి చేసింది కాదిది. తొందరలో ఉన్న మనిషి చేసింది.

ముక్కని తిప్పి వేలాయుధం గుర్తు పక్కన చూసింది. నెల మొదటి రోజునే అచ్చు మీద ఆయన ఆ నెల చుక్కలు పెడతాడు. తమిళ నెలల లెక్క. చిత్తిరైకి ఒకటి, వైకాసికి రెండు. వేలితో తడుముతూ లెక్కపెట్టింది. పది చుక్కలు.

పదో నెల తై.

"పోయినేడాది తై నెలలో మీరు పళనికి కాలినడకన వెళ్ళారు కదా అప్పా."

ఆరుసామి తాళం చెవి వంక చూస్తున్నాడు.

"పన్నెండు రోజులు ఊళ్ళో లేరు," అంది ఆమె, తనతో తాను అంటున్నట్టు.

అప్పుడు గుర్తొచ్చింది, అరచేతిలో వేడితో సహా. ఆ రోజు నెలవారీ కరెంటు కోత. తొమ్మిదింటికి తీసేస్తామని ముందురోజే చెప్పారు. రెండు మౌంటింగులు మర్నాటికి కావాలని రేసు టీము మనిషి రెండుసార్లు ఫోన్ చేశాడు. వేరేవాళ్ళవి ఆరు, అన్నీ కలిపి ఎనిమిది. తొమ్మిది లోపల పోసి పొయ్యిలో పెట్టేస్తే, పొయ్యి మూత తియ్యకుండా ఉంటే, వేడి నిలుస్తుంది. రెండు పూతలు పుయ్యాలి, ఒక్కోటి గంట ఆరాలి. అంత టైము లేదు. మొదటి పూత పూసింది. వేలితో అంటి చూస్తే ఇంకా అంటుకుంటోంది. పర్వాలేదులే, పొయ్యిలో ఆరుతుంది అనుకుంది. అలా అనుకున్న సంగతి కూడా ఆ సాయంత్రానికి మర్చిపోయింది. విడాకుల కాగితం వచ్చి అప్పటికి వారం. తన కాళ్ళ మీద తను నిలబడి మొదటిసారి ఒంటరిగా ఎనిమిది పోసినందుకు ఆ రాత్రి గర్వపడింది కూడా.

"నేనే," అంది.

"నువ్వు ఆ ఇల్లు విడిచి వచ్చాక తిరిగి పని పట్టుకోవడానికే రెండేళ్ళు పట్టింది కన్నూ. అప్పుడప్పుడే నవ్వుతున్నావు. ఇది చెప్తే నీ చెయ్యి మళ్ళీ పనంటే బెదురుతుందని..."

"కదిరేశన్ అన్న చెయ్యి బెదిరితే ఫర్వాలేదా?"

ఆరుసామి కుర్చీలో కూర్చుండిపోయాడు. "చెబుదామనే వెళ్ళాను. ఈ తైలో. వాళ్ళింటి దాకా వెళ్ళాను," అన్నాడు. వంగి ముక్కల్ని ఒక్కొక్కటే మళ్ళీ సంచీలో వెయ్యసాగాడు.

షెడ్డుకి వెళ్ళేసరికి పన్నెండు దాటింది. చిత్తిరై ఎండకి రేకుల కప్పు టపటపమంటోంది. ఇళవరసి ముందురోజు పొయ్యిలో వేడికి పెట్టిన కొత్త మౌంటింగుల్ని బయటికి తీసి, గట్టిదనం కొలిచే మీటరు నొక్కి చూసింది. ఎనభై. మళ్ళీ చూసింది. ఎనభై. గొట్టం పట్టుకుని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి మెలితిప్పింది. కదల్లేదు. పక్కన పెట్టి, అదే ముక్కని మళ్ళీ చేతిలోకి తీసుకుని మళ్ళీ మెలితిప్పింది.

రెండు కావస్తుండగా బయట ఎర్ర ఎల్ అక్షరం బోర్డు ఉన్న డ్రైవింగ్ స్కూలు కారు ఆగింది. కదిరేశన్ దిగాడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు, ఆ యాక్సిడెంటులోదే. చేతిలో రెండు టీలు, బేకరీ పొట్లం.

"కొబ్బరి బన్ను అమ్మణీ. మీరు మధ్యాహ్నం తిని ఉండరని నాకు తెలుసు." టేబుల్ మీద పెట్టి కొత్త మౌంటింగులు చూశాడు. "ఎంత ఇవి?"

"ఎనభై."

"తొంభై అయిదు పొయ్యండి."

"అంత గట్టివి పెడితే ఇంజన్ అదురంతా కారు ఒంట్లోకి పోతుంది అన్నా. నట్లు వదులవుతాయి, బ్రాకెట్టు చీలుతుంది. ఇంజన్ అన్నాక కాస్త కదలాలి."

"ఒక్క వెంట్రుకవాసి కూడా కదలకూడదు. కారులో పళ్ళు ఊడిపోయేలా అదిరినా నాకేం బాధ లేదు." నవ్వబోయాడు. "చూడండి, నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు. మిగతా కదిలేవన్నీ బిగించేస్తే భయపడ్డానికి చెయ్యి ఒకటే మిగులుతుంది. అప్పుడు దాని సంగతి నేను చూసుకుంటాను."

టీ గ్లాసు అందిస్తుంటే అంచు మీదుగా కొంచెం తొణికింది. అతను అది చూడనట్టు నటించాడు. ఆమె కూడా.

ఇంకో రెండు రోజులు. నోరు మూసుకుని కొత్తవి బిగించి పంపించేస్తే ఆదివారం అతను పరిగెడతాడు. గెలిస్తే వణుకు తగ్గిపోవచ్చు. ఆ ఆలోచన ఆమెకి వచ్చింది, రాలేదని చెబితే అబద్ధం. టీ ఒక గుక్క తాగింది. నాలుక కాలింది. గ్లాసు కింద పెట్టి, సంచీలోంచి పాత ముక్కని తీసింది.

"ఇది మీ కారులోది. నిన్న విప్పాను. మీకు చెప్పకుండా పట్టుకెళ్ళాను."

"యాక్సిడెంటులో ఊడి ఉంటుంది."

"కాదు. ఊడిన చోటు చూడండి. ఇక్కడ శుభ్రంగా ఉంది, ఇది గుద్దుకున్నప్పుడు ఊడింది. ఈ పక్కంతా నునుపు, దుమ్ముతో నూనె కలిసి నల్లగా మెరుస్తోంది. అంటే గుద్దుకోకముందే గొట్టం వదిలేసి లోపల తిరుగుతోంది. ఇంజన్ వెనక్కి వాలిపోయి ఉంటుంది. కడ్డీ కూడా దానితో జరిగిపోతే నాలుగో గేరు ఉండాల్సిన చోట ఉండదు. మీరు సరిగ్గానే లాగారు అన్నా. నాలుగుకే లాగారు. అక్కడ రెండు ఉంది."

కదిరేశన్ ముక్కని తీసుకున్నాడు. గొట్టాన్ని లోపలికి తోశాడు, బయటికి లాగాడు. మళ్ళీ తోశాడు.

"పోసింది ఎవరు?"

"నేను. జిగురు ఆరకుండా పోశాను. కరెంటు పోతుందని తొందరపడ్డాను. ఆరలేదని నాకు తెలుసు, తెలిసే పోశాను."

అతను పక్కనున్న టైరు మీద కూర్చున్నాడు. రోడ్డు మీద బస్సు ఒకటి పోయింది, రేకులు అదిరాయి. ఆమె అతని చెయ్యి వంక చూడకుండా ఉండలేకపోయింది.

"మళ్ళీ చెప్పండి," అన్నాడు.

"మీరు నాలుగుకే లాగారు."

"ఇంకోసారి."

"మీరు నాలుగుకే లాగారు అన్నా."

"పిల్లలకి నేర్పేటప్పుడు," అన్నాడు, నేల వంక చూస్తూ, "ఒకటి నుంచి రెండు చూస్తాను. రెండు నుంచి మూడు చూస్తాను. మూడు నుంచి నాలుగు వేస్తుంటే కిటికీ వైపు తిరుగుతాను. ఒక పెద్దావిడ అడిగేసింది, మాస్టర్ మీకు అటు పక్క ఏం కనిపిస్తుందండీ అని." ఆగాడు. "మా ఆవిడ కారు ఎక్కడం మానేసింది. నన్ను ఏమీ అనలేదు, ఊరికే బస్సులో వెళ్తుంది."

గుమ్మంలో స్కూటరు ఆగిన చప్పుడైంది. ఆరుసామి లోపలికి వచ్చి, వాళ్ళిద్దరినీ చూసి, చెప్పులు విప్పి అక్కడే నిలబడ్డాడు. తన షెడ్డులో తను చెప్పులు విప్పడం ఇళవరసి ఎప్పుడూ చూడలేదు.

"పెద్దాయనా," అన్నాడు కదిరేశన్, "తైలో మా ఇంటికి వచ్చారు మీరు. పళని పంచామృతం ఇచ్చారు. అరగంట కూర్చుని, ఎండ ముదురుతోందని చెప్పి వెళ్ళిపోయారు. ఇంతకాలం లేనిది ఇప్పుడెందుకు వచ్చాడా అని నేనూ మా ఆవిడా రెండు రోజులు అనుకున్నాం."

"నోరు రాలేదు తంబీ."

"పంచామృతం బాగుందని చెప్పాను మీకు."

ఆరుసామి తల వంచుకున్నాడు. కదిరేశన్ లేచాడు. ముసలాయన మీదికి వెళ్తాడేమోనని ఇళవరసి మధ్యలోకి అడుగు వేసింది. అతను ఆమెనీ దాటి, తండ్రినీ దాటి, స్కూటరు ముందు వేలాడుతున్న బియ్యం సంచీ దగ్గర ఆగాడు. మూతి తెరిచి చూశాడు.

"ఇవేంటి?"

"అప్పుడు పోసినవే. తిరిగి తెచ్చేశాను," అన్నాడు ఆరుసామి. "ఆరు."

"మొత్తం ఎన్ని పోశారు?"

"ఎనిమిది," అంది ఇళవరసి.

"నాదానితో కలిపి ఏడు. ఎనిమిదోది?"

ఇళవరసి తండ్రి వంక చూసింది. పొద్దుటినుంచి తన తప్పు తూచుకోవడంలో పడి, ఆమె ఆ లెక్క వెయ్యనేలేదు.

"దొరకలేదు తంబీ. మీ టీముకి రెండు ఇచ్చాం. ఒకటి మీ కారులో బిగించారు, రెండోది స్పేరుగా ఉంచారు. తర్వాత వెళ్ళి అడిగితే, స్పేర్ల పెట్టె లేదు, ఎవరికో ఇచ్చేశారన్నారు. ఎవరికో తెలియదన్నారు."

కదిరేశన్ చేతిలోని సంచీ మూతి వదిలేశాడు.

"నేనే ఇచ్చాను," అన్నాడు. "ఇక నాకెందుకని పెట్టె మొత్తం యాళినికి ఇచ్చేశాను."

యాళిని అతని శిష్యురాలు. ఇరవై రెండేళ్ళ పిల్ల, సూలూరులో టైలరింగ్ కొట్టు నడిపే ఆవిడ కూతురు. డ్రైవింగ్ స్కూలుకి లైసెన్సు కోసం వచ్చిన మూడో రోజునే ఈ పిల్ల చెయ్యి వేరు అని అతను కనిపెట్టాడు. ఈ ఆదివారం అతను దిగే రేసులోనే ఆమె కూడా దిగుతోంది, పన్నెండో నంబరు కారుతో. కదిరేశన్ ఫోన్ తీసి, ఒక్కొక్క మెసేజీ పైకి తోస్తూ, ఒక దగ్గర ఆగాడు. ఇళవరసికి చూపించాడు. బుధవారం పంపిన ఫోటో. మసిపట్టిన ఇంజన్ కింద, మెరిసిపోతూ, కొత్త పసుపుపచ్చ ముక్క. కింద రాసి ఉంది: మాస్టర్, మీ పెట్టెలోదే బిగించాను. ఇప్పుడు ఇంజన్ అస్సలు కదలడం లేదు.

"ప్రాక్టీసు ఎన్నింటికి?" అంది ఇళవరసి.

"మూడింటికి."

గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. యాళిని ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ట్రాక్ ఆఫీసు నంబరూ అంతే, ప్రాక్టీసు రోజు అక్కడ కుర్చీల్లో ఎవరూ ఉండరు. కదిరేశన్ ఇంకో నంబరు తీశాడు. వేలు దాని మీద కాసేపు ఆగింది.

"కంట్రోల్ రూములో ఇప్పుడు కూర్చునేది సెబాస్టియన్ అన్నే. కాలు పోయాక పైకి మార్చారు. ఈ నంబరుకి నేను ఎప్పుడూ చెయ్యలేదు." నొక్కాడు. స్విచాఫ్.

"పదండి," అంది ఇళవరసి.

"నేనూ వస్తాను కన్నూ."

"మీరు వద్దు అప్పా. ఇది నేనే చెప్పాలి."

డ్రైవింగ్ స్కూలు కారు దానికి చేతనైనంత వేగంగా వెళ్ళింది. ఆటోవాళ్ళు ఎర్ర అక్షరం చూసి నవ్వుతూ అడ్డం వస్తున్నారు. ఎడమ సీటు కింద కూడా మాస్టర్ కోసం ఒక బ్రేకు ఉంది. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా ఇళవరసి కాలు దాని మీద పడుతోంది.

"అమ్మణీ, ఆ బ్రేకు మీద కాలు తియ్యండి."

"తీశాను."

"మళ్ళీ పెట్టారు."

సింగానల్లూర్ సిగ్నల్ దగ్గర మూడు నిమిషాలు ఆగిపోయారు. కదిరేశన్ స్టీరింగ్ మీద వేళ్ళు కొడుతూ, ముందున్న బస్సు వెనకభాగం వంక చూస్తూ, "ఎన్ని చుట్లకి వదులుతుంది?" అన్నాడు.

"మీది ఎన్ని తిరిగింది?"

"కొత్తది పెట్టాక... ప్రాక్టీసు, క్వాలిఫైయింగ్, రేసులో ఏడో చుట్టు. ముప్ఫై లోపే."

"అది కొంచెం అంటింది. ఏ ముక్క ఎంత అంటిందో చెప్పలేను. తిరుప్పూరువి రెండూ నా బొటనవేలికే ఊడాయి."

పచ్చ లైటు వెలిగింది. అతను కదిలించాడు. ఒకటి, రెండు, మూడు. ఊరు దాటి రోడ్డు ఖాళీ అయ్యాక, మూడు నుంచి నాలుగు. ఆమె చూసింది. అతను కిటికీ వైపు తిరగలేదు. తిరగలేదన్న సంగతి అతనికి తెలిసినట్టు లేదు.

చెట్టిపాళయం దాటగానే మబ్బు పట్టి గాలి దుమ్ము రేపింది. ట్రాక్ గేటు కనిపించకముందే చప్పుడు వినిపించింది. కదిరేశన్ పళ్ళు కొరికాడు. "ముందే మొదలుపెట్టేశారు. వాన వస్తుందని."

గేటు దగ్గర వాచ్‌మన్ అతన్ని గుర్తుపట్టి తాడు దించాడు. కంట్రోల్ రూము మెట్ల దగ్గర కారు ఆపి ఇద్దరూ దిగారు. కదిరేశన్ మొదటి మెట్టు మీద కాలు పెట్టి, తీసేశాడు.

"నేను వస్తే ఆయన నన్నే చూస్తాడు. మీ మాట వినడు. మీరు పైకి వెళ్ళండి. నేను పిట్ దగ్గరకి వెళ్తాను, యాళిని లోపలికి వస్తే పట్టుకుంటాను." ఒక క్షణం ఆగి, "మీరు చెప్పకపోయినా నేను ఆదివారం పరిగెత్తేవాణ్ణి అమ్మణీ," అని, కాలు ఈడ్చుకుంటూ పరిగెత్తాడు.

పైన గదిలో మూడు వైపులా అద్దాలు. యాభై దాటిన మనిషి ఎత్తు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, చేతిలో రేడియో, ప్యాంటు కింద ఒక చెప్పులో మాత్రం పాదం బొమ్మలా బిగుసుకుని ఉంది. తల తిప్పకుండానే, "ఎవరమ్మా? ప్రాక్టీసు జరుగుతోంది, కింద ఉండు," అన్నాడు.

"నా పేరు ఇళవరసి. గణపతిలో ఇంజన్ మౌంటింగులు పోస్తాను. పన్నెండో నంబరు కారుని ఆపండి సార్."

"ఈ సెషన్ అవ్వనీ."

"అయ్యేదాకా కుదరదు."

అప్పుడు తిరిగాడు. ఆమె బట్టల మీద యురెథేన్ మరకలు, చెదిరిన జుట్టు చూశాడు. దారి పొడుగునా ఆమె మాటలు పేర్చుకుంటూ వచ్చింది, జిగురు గురించి, పూతల గురించి, కరెంటు గురించి. అవన్నీ ఎటో పోయాయి.

"మీ కాలు పోయింది కదిరేశన్ అన్న చేతివల్ల కాదు," అంది. "నేను చేసిన పార్టు వల్ల. దాని జత ఆ అమ్మాయి కారులో ఉంది. ఆ రోజు ఎనిమిది పోశాను, ఏడు ఊడిపోయాయి."

కింద కార్లు రెండు వెంటవెంటనే దూసుకుపోయాయి, అద్దాలు గలగలమన్నాయి. సెబాస్టియన్ ఆమె కళ్ళలోకి చూశాడు. ఆయన ఏమైనా అనాలని కోరుకుంది. తిట్టినా సరే.

ఆయన రేడియో నోటి దగ్గరకి తెచ్చుకున్నాడు.

"కంట్రోల్. అన్ని పోస్టులకీ. ఎర్ర జెండా. అందరికీ ఎర్ర జెండా."

మలుపుల దగ్గర జెండాలతో ఉన్న ఒక్కొక్క పోస్టూ పలికింది. ఒకటి, చూపించాం. రెండు, చూపించాం. మూడు, చూపించాం. నాలుగు, చూపించాం. ఆరు. ఏడు.

"అయిదు," అన్నాడు సెబాస్టియన్. "అయిదో పోస్టు."

అద్దం అవతల కార్లు వేగం తగ్గించి ఒకదాని వెనక ఒకటి లోపలికి వస్తున్నాయి. ఇళవరసి నుదురు అద్దానికి ఆనించి నంబర్లు చదివింది. మూడు. ఇరవై ఒకటి. తొమ్మిది. నలభై నాలుగు. పిట్ గోడ పక్కన కదిరేశన్ ప్రతి కారుకీ ఎదురు వెళ్ళి, వంగి లోపలికి చూసి, పక్కకి తప్పుకుంటున్నాడు. ఆరు కార్లు వచ్చాయి. ఏడోది, పన్నెండో నంబరు కారు, రాలేదు.

"అయిదో పోస్టు, మాట్లాడండి."

అక్కడ ఎవరో బటన్ నొక్కారు. మాట రాలేదు. గాలి హోరూ, గులకరాళ్ళ మీద పరిగెత్తుతున్న అడుగుల చప్పుడూ మాత్రం గదిలోకి వచ్చాయి.